ప్రైమరీ అభ్యర్థుల మీద వాదించి ఎవరినైనా ఒప్పించగలమా?

ప్రశ్న: మాది న్యూజెర్సీ. మా తెలుగువాళ్ల గ్రూపులో రెండు వందల మందిమి ఉన్నాం, దాదాపు అందరం డెమొక్రాట్లమే. 2028లో అధ్యక్ష అభ్యర్థి ఎవరు కావాలనే దాని మీద ఇప్పటినుంచే రోజూ గొడవ. నేను ఎన్ని సర్వేలు, ఎన్ని లింకులు పెట్టినా అవతలివాళ్లు ఒప్పుకోవడం లేదు. ఇద్దరు పాత స్నేహితులు నాతో మాట్లాడటం మానేశారు. వీళ్లను ఒప్పించే పద్ధతి ఏదైనా ఉందా?

సమాధానం:

పద్ధతి లేదండీ. నేను 2008 నుంచి ప్రతి ప్రైమరీలోనూ, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలోనూ, ఏదో ఒక పని చేస్తూనే ఉన్నాను. తలుపులు తట్టాను, ఫోన్లు చేశాను, పోలింగ్ రోజు పెద్దవాళ్లను కారులో తీసుకెళ్లి దింపాను. వాటన్నిటికంటే ఎక్కువ గంటలు మీలాగే వాదనల్లో ఖర్చు పెట్టాను. ఆ వాదనల వల్ల ఒక్క ఓటు కూడా అటు నుంచి ఇటు రాలేదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. ఎందుకు రాలేదో కాస్త వివరంగా రాస్తాను. మీ వాదనలో బలం లేదని కాదు, అసలు ఆ వాదన ఓట్లు ఉన్న చోట జరగడం లేదు.

ముందు నా సంగతి చెప్పాలి. 2007లో నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. మొదటి ఓటు 2008 ఫిబ్రవరి 5న, న్యూజెర్సీ ప్రైమరీలో, హిల్లరీ క్లింటన్‌కు వేశాను. మన రాష్ట్రంలో ఆవిడే గెలిచారు. నేను అన్నయ్యగారూ అని పిలిచే ఒక మిత్రుడు ఉండేవారు. ఈ దేశంలో నేను దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు వచ్చి, ఇంటికి తీసుకెళ్లి, ఉద్యోగంలో కుదురుకునేదాకా మూడు వారాలు పెట్టుకున్న మనిషి. ఆయన ఒబామా వైపు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఫిబ్రవరి 5 సాయంత్రానికే మా ఇద్దరి ఓట్లూ పడిపోయాయి. మా యాహూ గ్రూపులో ఓటున్న అందరివీ పడిపోయాయి. అసలు గొడవ ఆ తర్వాతే మొదలైంది! మార్చి 11న మిసిసిపీ ప్రైమరీ అయ్యాక, ఏప్రిల్ 22న పెన్సిల్వేనియా దాకా ఆరు వారాలపాటు ఎక్కడా పోలింగే లేదు. ఆ ఆరు వారాల్లోనే ఒబామా పాస్టర్ జెరెమయా రైట్ వివాదాస్పద ప్రసంగాల వీడియోలు బయటికొచ్చాయి, చిన్న ఊళ్ల జనాన్ని తక్కువ చేసినట్టుగా ఒబామా అన్న మాట బయటికొచ్చింది. చేతికి ఏది దొరికితే అది విసురుకున్నాం. ఏప్రిల్ మధ్యలో ఒక రాత్రి, పన్నెండు దాటాక, "ఒబామాకు ఓటేసేవాళ్లకు ఆలోచన లేదు" అని రాసి పడుకున్నాను. పొద్దున లేచేసరికి అన్నయ్యగారి జవాబు ఒకే ఒక వాక్యం: "అయితే నాకు ఆలోచన లేదన్నమాట." అంతే, గ్రూపు నుంచి వెళ్లిపోయారు.

మేం అలా కొట్టుకుంటున్న రోజులకే లెక్క దాదాపు తేలిపోయింది. ఫిబ్రవరి 5 తర్వాత ఒబామా వరసగా 11 పోటీలు గెలిచారు. డెమొక్రాట్ల పద్ధతిలో డెలిగేట్లను, అంటే అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ ప్రతినిధులను, వచ్చిన ఓట్ల నిష్పత్తి ప్రకారం పంచుతారు. అందుకే ఒకరు వంద డెలిగేట్లు ముందుకు వెళ్తే, రెండోవారు ఆ తర్వాత రాష్ట్రాలు గెలుస్తున్నా అందుకోవడం చాలా కష్టం. మార్చి 4న టెక్సాస్ ప్రైమరీలో ఎక్కువ ఓట్లు క్లింటన్‌కు వచ్చాయి. కానీ అక్కడే జరిగిన కాకస్‌ను (ఓటర్లు ఒకచోట సమావేశమై అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి) కూడా కలిపితే టెక్సాస్ నుంచి ఎక్కువ డెలిగేట్లు ఒబామాకు దక్కాయి. నేనేమో "టెక్సాస్ మాదే" అని గ్రూపులో పండగ చేసుకున్నాను. జూన్ 7న క్లింటన్ తప్పుకుని, అందరూ ఒబామాను బలపరచాలని కోరారు. నవంబర్ 4న నేనూ అన్నయ్యగారూ ఇద్దరం ఒబామాకే ఓటేశాం. ఒకే పోలింగ్ కేంద్రంలో, వేర్వేరు వేళల్లో వెళ్లి వేసి వచ్చాం. మాటలు మాత్రం లేవు.

ఇక మీ గ్రూపు సంగతికి వద్దాం. రెండు వందల మందిలో ఆ ప్రైమరీలో ఓటు వేయగలిగినవాళ్లు ఎంతమందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఓటు లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ లేదు. సిటిజన్లలో కొందరు ఓటరుగా నమోదే చేసుకోరు. చేసుకున్నవాళ్లలో కొందరు వేరే పార్టీ కింద ఉంటారు. డాలస్‌కో షార్లెట్‌కో మారిపోయినా గ్రూపులో ఉండిపోయినవాళ్లు ఉంటారు. ఇన్ని తీసేశాక మిగిలినవాళ్లలో ప్రైమరీ రోజున నిజంగా వెళ్లి వేసేవాళ్లు ఎందరు? 2016లో రెండు పార్టీల్లోనూ హోరాహోరీగా సాగిన ప్రైమరీల్లోనే, దేశం మొత్తం మీద ఓటు హక్కున్నవాళ్లలో వేసినవాళ్లు 28.5 శాతం అని ప్యూ అనే పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. ఆ లెక్కన చూస్తే మీరు రాత్రిళ్లు కూర్చుని రాసే జవాబులు చదివేవాళ్లలో ఓటర్లు ఓ పాతికమంది ఉంటే గొప్ప. ఆ పాతికమందీ ఎప్పుడో నిర్ణయించుకున్నవాళ్లు, కాబట్టే వాదిస్తున్నారు. ఇంకా తేల్చుకోనివాళ్లు మాట్లాడరు, మీ గొడవ చూసి గ్రూపును మ్యూట్‌లో పెట్టుకుంటారు.

గడువుల విషయంలో ఎంత తెలిసినవాళ్లయినా దెబ్బ తింటారు. 2016లో న్యూయార్క్ ప్రైమరీ ఏప్రిల్ 19న జరిగింది. పార్టీ నమోదు మార్చుకోవడానికి ఆఖరు తేదీ మాత్రం అంతకు ఆరు నెలల ముందే, 2015 అక్టోబర్‌లో అయిపోయింది. ఆ సంగతి చూసుకోక ట్రంప్ కూతురు ఇవాంకా, కొడుకు ఎరిక్ సొంత తండ్రికి ఓటు వేయలేకపోయారు. మన న్యూజెర్సీలో అయితే, ఏ పార్టీ కిందా నమోదు కానివాళ్లు ప్రైమరీ రోజే వెళ్లి పార్టీని ఎంచుకోవచ్చు. ఇప్పటికే ఒక పార్టీ కింద ఉండి మారాలనుకుంటే 55 రోజుల ముందే కాగితం ఇవ్వాలి. మీ గ్రూపులో ఇది తెలిసినవాళ్లు ఎందరో ఒకసారి అడిగి చూడండి.

మన రాష్ట్రానికి ఇంకో చిక్కుంది, క్యాలెండరు. 2016లో న్యూజెర్సీ ప్రైమరీ జూన్ 7న అయితే, క్లింటన్‌కు కావాల్సినంతమంది డెలిగేట్లు సమకూరారని అసోసియేటెడ్ ప్రెస్ ముందు రోజే ప్రకటించింది. 2020లో కరోనా వల్ల మన ప్రైమరీ జులై 7కు వాయిదా పడింది. బైడెన్‌కు పోటీగా ఉన్న బెర్నీ సాండర్స్ ఏప్రిల్ 8నే తప్పుకున్నారు. 2024లో జూన్ 4న మనం వేశాం, బైడెన్‌కు మార్చి 12నే సరిపడా డెలిగేట్లు వచ్చేశారు. 2028 తేదీలు ఎలా ఉంటాయన్నది వేరే సంగతి. కానీ ఇన్నేళ్లూ మనవాళ్లు ఏడాది పొడవునా వాదించుకుంది తమ వంతు రాకముందే ముగిసిపోయే పోటీ గురించి.

పైగా అభ్యర్థులు ఎవరో తేలకముందే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. 2007లో రిపబ్లికన్లలో జాతీయ సర్వేల్లో దాదాపు ఏడాదంతా రూడీ జూలియానీదే పైచేయి, ఓటింగ్ మొదలయ్యాక ఆయన ఒక్క రాష్ట్రం కూడా గెలవలేదు. 2015లో విస్కాన్సిన్ గవర్నర్ స్కాట్ వాకర్ పేరు మోగిపోయింది, సెప్టెంబర్‌లోనే విరమించుకున్నారు. జెబ్ బుష్ కోసం ఆయన మద్దతుదారుల కమిటీ పది కోట్ల డాలర్లకు పైగా కూడబెట్టింది, ఆయన మూడు రాష్ట్రాలతో ఆగిపోయారు. 2019లో కమలా హ్యారిస్ మీద మా గ్రూపులో ఎంత రభసో చెప్పలేను, తల్లి చెన్నై ఆవిడ కాబట్టి మనవాళ్లకు ఇంకాస్త ఎక్కువ పట్టింపు. ఆవిడ ఆ డిసెంబర్ 3న, ఒక్క ఓటు కూడా పడకముందే తప్పుకున్నారు. అదే హ్యారిస్ 2024 జులైలో బైడెన్ వైదొలగడంతో, తన పేరు మీద ఒక్క ప్రైమరీ కూడా గెలవకుండానే పార్టీ అభ్యర్థి అయ్యారు. 2019లో ఆవిడ కోసం, ఆవిడకు వ్యతిరేకంగా మేం రాసిన వందల మెసేజ్‌లలో ఒక్కదానిలో కూడా ఇలా జరుగుతుందని లేదు.

వాదన ఇంత చేదుగా ఎందుకు మారుతుందో నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. డెమొక్రాట్‌కూ రిపబ్లికన్‌కూ మధ్య వాదన అయితే పన్నులు, అబార్షన్, తుపాకులు, ఇమ్మిగ్రేషన్ అని మాట్లాడుకోవడానికి విషయం ఉంటుంది. ఒకే పార్టీలో ఇద్దరు అభ్యర్థుల మధ్య విధానాల తేడా పది నిమిషాల్లో అయిపోతుంది. 2008లో క్లింటన్, ఒబామా ఆరోగ్య బీమా ప్రణాళికల మధ్య ఉన్న పెద్ద తేడా, బీమాను అందరికీ తప్పనిసరి చేయాలా వద్దా అన్నదే. చివరికి ఒబామా చట్టంలో క్లింటన్ చెప్పిన తప్పనిసరి షరతే వచ్చింది. మేం దాని మీద ఒకరికొకరం శత్రువులమయ్యాం!

విధానాలు అయిపోయాక వాదన రెండో మెట్టుకు వెళ్తుంది: "మీవాడు నవంబర్‌లో గెలవడు." ఇదే అసలు గొయ్యి. ఇది మీ అభిప్రాయం గురించో నా అభిప్రాయం గురించో కాదు, విస్కాన్సిన్‌లోనో మిషిగన్‌లోనో ఉన్న ముక్కూ మొహం తెలియని మూడో మనిషి ఏమనుకుంటాడో మనం ఊహించి చెప్పడం. దాన్ని రుజువు చేసే దారి లేదు, కొట్టేసే దారీ లేదు. 2008లో నల్లజాతి అభ్యర్థి గెలవడని నాతో చెప్పినవాళ్లు చదువుకున్నవాళ్లు, మంచివాళ్లు. 2016లో ట్రంప్ గెలవడని చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. ఏడాదిన్నర ముందు వచ్చిన సర్వే పెట్టి మీరు ఎవరినీ ఒప్పించలేరు, ఎందుకంటే ఎదుటివాళ్ల దగ్గర ఇంకో సర్వే ఉంటుంది.

అక్కడా తేలకపోతే మూడో మెట్టు, మనిషి మీదకు వస్తారు. ముందు అభ్యర్థి గుణం మీద, తర్వాత అభ్యర్థిని బలపరిచేవాళ్ల గుణం మీద. మీ ఇద్దరు స్నేహితులు మాట మానేసింది తప్పకుండా ఈ మెట్టు మీదే అయి ఉంటుంది.

మన తెలుగువాళ్లలో దీనికి ఇంకో కారణం కూడా ఉందని నా అభిప్రాయం. మనం పెరిగిన చోట టికెట్ ఎవరికన్నది జనం చేతిలో ఉండదు. బీ-ఫారం ఎవరి చేతికి వస్తే వాళ్లే అభ్యర్థి, ఇచ్చేది పార్టీ అధ్యక్షుడు. మనకు మిగిలేది నాయకుణ్ణి అభిమానించడం, ఆయన తరఫున పోట్లాడటం. ఇక్కడ టికెట్ ఇచ్చే అధికారమే మామూలు ఓటరుకు ఇచ్చారు, అయినా మనం ఆ అధికారాన్ని పక్కన పెట్టి అభిమాన సంఘం పనే చేస్తున్నాం. ఇది చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఆన్‌లైన్‌లో గట్టిగా వినిపించేది జనం గొంతు అనుకోవడం ఇంకో పొరపాటు. 2019లో ప్యూ వాళ్లు అమెరికా పెద్దవాళ్ల ట్వీట్లను పరిశీలిస్తే, జాతీయ రాజకీయాల గురించిన ట్వీట్లలో 97 శాతం కేవలం పది శాతం మంది రాసినవని తేలింది. ఆ మరుసటి ఏడాది అది కళ్లారా చూశాం. 2020 ఫిబ్రవరిలో న్యూహ్యాంప్‌షైర్, నెవాడా సాండర్స్ గెలిచారు, ఇక బైడెన్ పని అయిపోయిందని అందరూ రాసేశారు. ఫిబ్రవరి 26న సౌత్ కరోలైనాలో అక్కడి కాంగ్రెస్ సభ్యుడు, నల్లజాతి నాయకుడు జిమ్ క్లైబర్న్ బైడెన్‌ను బలపరిచారు. 29న బైడెన్ అక్కడ 48 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు. పోటీలో ఉన్న మిగతావాళ్లలో మర్నాడు బుటిజెజ్, ఆ మర్నాడు క్లోబుషార్ తప్పుకుని బైడెన్ పక్కన నిలబడ్డారు. మార్చి 3న 14 రాష్ట్రాల్లో 10 బైడెన్‌వి. సౌత్ కరోలైనాలో క్లైబర్న్ మాట విని ఓటేసిన పెద్దవయసు నల్లజాతి ఓటర్లు మా గ్రూపు లాంటి గ్రూపుల్లో లేరు. ఏడాదిపాటు మేం చేసిన వాదనను వాళ్లు ఒక్క శనివారం పూట మార్చేశారు.

మరి ప్రైమరీలో మనిషి మనసు మారనే మారదా అంటే, మారుతుంది. ఇది మీకు ముఖ్యం. కల్లా, బ్రూక్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో 49 క్షేత్ర ప్రయోగాలను కలిపి చూశారు. నవంబర్ ఎన్నికల్లో ప్రచారం వల్ల ఓటరు అభ్యర్థిని మార్చుకోవడం సగటున సున్నా. ప్రైమరీల్లో మాత్రం ప్రభావం కనిపించింది, ఎందుకంటే అక్కడ ఇద్దరి పక్కనా ఒకే పార్టీ పేరు ఉంటుంది, ఓటరుకు వేరే గుర్తు ఉండదు. అయితే అది గుమ్మం దగ్గర నిలబడో ఫోన్‌లోనో, ఇంకా తేల్చుకోని మనిషితో మాట్లాడిన మాట. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1998లో యేల్ ప్రొఫెసర్లు గెర్బర్, గ్రీన్ న్యూహేవెన్‌లో చేసిన ప్రయోగంలో కూడా ఇంటికి వెళ్లి అడిగితే ఓటింగ్ బాగా పెరిగింది, జీతానికి పెట్టుకున్నవాళ్ల ఫోన్ కాల్స్‌తో పెరగలేదు. మీ గ్రూపులో మీరు పెట్టే శ్రమలో పదో వంతు మీ వీధిలో పెడితే ఫలితం వేరుగా ఉంటుంది.

ముఖ్యంగా అధ్యక్ష పదవి కంటే కింద ఉన్న పోటీల్లో. 2024 మార్చి 5న కాలిఫోర్నియా 16వ కాంగ్రెస్ నియోజకవర్గంలో, అంటే మౌంటెన్ వ్యూ, పాలో ఆల్టో ఉన్న చోట, మనవాళ్లు వేలల్లో ఉండే చోట, నవంబర్ పోటీకి వెళ్లే రెండో స్థానానికి ఇద్దరు అభ్యర్థులకు సరిగ్గా 30,249 ఓట్ల చొప్పున వచ్చాయి. మళ్లీ లెక్కపెడితే తేడా 5 ఓట్లు. ఐదు! ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఐదుగురు బద్ధకించకుండా వెళ్లినా, వెళ్లకపోయినా కథ మారిపోయేది. 2022లో టెక్సాస్ 28వ నియోజకవర్గంలో హెన్రీ క్యూయార్ డెమొక్రటిక్ ప్రైమరీ రన్‌ఆఫ్ (రెండో విడత ఓటింగ్) గెలిచింది 289 ఓట్లతో.

మన హైదరాబాద్‌లో పుట్టిన ఇద్దరు ఆడవాళ్ల కథ కూడా ప్రైమరీల కథే. అరుణా మిల్లర్ 2018లో మేరీల్యాండ్ 6వ నియోజకవర్గం డెమొక్రటిక్ ప్రైమరీలో పోటీ చేశారు. ఎదురుగా డేవిడ్ ట్రోన్, కోటి డాలర్లకు పైగా సొంత డబ్బు పెట్టిన వ్యాపారవేత్త. ఆవిడ రెండో స్థానంలో ఆగిపోయారు. నేను ఇక్కడినుంచి ఆవిడ కోసం కొన్ని సాయంత్రాలు ఫోన్లు చేశాను. జర్మన్‌టౌన్‌లో ఒక తెలుగావిడ "ప్రైమరీ అంటే ఏమిటండీ, ఎన్నికలు నవంబర్‌లో కదా" అన్నారు. అక్కడే ఉంటున్న సిటిజన్ ఆవిడ. ఆ ఒక్క ఫోన్ కాల్‌తో నాకు తెలిసొచ్చింది, నా పదేళ్ల వాదనలు ఎవరికి చేరాలో వాళ్లకు చేరలేదని. అరుణా మిల్లర్ 2023లో ఆ రాష్ట్రానికే లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. గజాలా హష్మీ 2025 జూన్‌లో ఆరుగురు పోటీపడిన వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్ డెమొక్రటిక్ ప్రైమరీలో దాదాపు 27 శాతంతో గెలిచారు. రెండో వ్యక్తికీ ఆవిడకూ మధ్య ఒక్క శాతం కూడా తేడా లేదు. నవంబర్‌లోనూ గెలిచారు.

న్యూజెర్సీలోనే చూడండి. దశాబ్దాలపాటు చాలా కౌంటీల్లో మన ప్రైమరీ బ్యాలెట్‌లో కౌంటీ పార్టీ బలపరిచినవాళ్లందరినీ ఒకే వరసలో ముద్రించేవారు, మిగతావాళ్లను ఎక్కడో పక్కకు తోసేవారు. ఆ వరస దొరికినవాళ్లే దాదాపు ఎప్పుడూ గెలిచేవారు. 2024లో సెనేట్‌కు పోటీ చేస్తున్న ఆండీ కిమ్ కోర్టుకు వెళ్తే, మార్చి 29న ఫెడరల్ జడ్జి జాహిద్ ఖురేషీ ఆ ప్రైమరీకి డెమొక్రటిక్ బ్యాలెట్ మీద ఆ పద్ధతిని ఆపేశారు. మన ఓటు విలువను ఇంతగా మార్చిన విషయం మీద మా గ్రూపులో ఆ నెల వచ్చిన మెసేజ్‌లు రెండంటే రెండు. అధ్యక్షుడి వయసు మీద మాత్రం లెక్కలేనన్ని.

ఇప్పుడు మీరు చేయగలిగింది చెప్తాను. గ్రూపులో అభ్యర్థి పేరు ఎత్తకుండా ఒక్కటే అడగండి: "మీలో సిటిజన్లు ఎవరు, ఓటరు నమోదు ఉందా, ఏ పార్టీ కింద ఉంది?" లేనివాళ్లకు నమోదు చేయించండి. సిటిజన్ కానివాళ్లు పొరపాటున కూడా నమోదు ఫారం మీద సంతకం పెట్టకుండా చూడండి, దానివల్ల ఇమ్మిగ్రేషన్‌లో పెద్ద చిక్కులొస్తాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ప్రచారానికి చందా ఇవ్వొచ్చు. హెచ్1బీ వాళ్లు చందా ఇవ్వకూడదు, కానీ జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా పనిచేయొచ్చు. మీ ఊళ్లో కౌంటీ కమిటీ సభ్యులు ఎవరో కనుక్కోండి. ఒక్కో పోలింగ్ డిస్ట్రిక్ట్ నుంచి ఎన్నికయ్యే ఆ పదవికి చాలాచోట్ల పోటీచేసేవాళ్లే దొరకరు. మీరే నిలబడండి.

అభ్యర్థి గురించి మాట్లాడకుండా ఉండలేకపోతే, మీకు ఆయనో ఆవిడో ఎందుకు నచ్చారో ఒక్కసారి రాసి ఊరుకోండి. అవతలి అభ్యర్థి గురించి రాయాల్సి వచ్చినా, ఆ అభ్యర్థిని ఇష్టపడేవాళ్ల గురించి ఒక్క ముక్క రాయకండి. రాత్రి పది దాటాక అసలే రాయకండి.

ఇక ఆ ఇద్దరు స్నేహితులు. మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి, వీలైతే ఇంటికి వెళ్లండి. ఎవరు కరెక్టో తేల్చే పని పెట్టుకోకండి. నేను మూడేళ్లు ఆగాను. 2011లో మా నాన్నగారు తెనాలిలో పోయారని తెలిసిన రాత్రి, టికెట్ దొరక్క నేను టెన్షన్ పడుతుంటే, ఫోన్ మోగింది. అన్నయ్యగారు. "పాస్‌పోర్ట్ తీసుకుని రెడీగా ఉండు, నేను వస్తున్నా, ఎయిర్‌పోర్టులో దింపుతాను" అన్నారు. దారంతా మా నాన్నగారి గురించే మాట్లాడుకున్నాం. టెర్మినల్ దగ్గర దిగేటప్పుడు నేను ఆ పాత మెసేజ్ సంగతి ఎత్తబోతే, "బ్యాగు మర్చిపోకు" అని డిక్కీ తెరిచారు.